పాటలో వినపడని తాళాలు

సాలమోను తాతకి అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. రాజోలు వైపు ఒక హైస్కూల్లో ఆయన అటెండరు. బెల్లు కొట్టడం ఆయన పని. హెడ్మాస్టరు గదిలో గోడగడియారం ఒక టైము చూపించేది, హెడ్మాస్టరు చేతివాచీ ఇంకో టైము, లెక్కల మాష్టారి వాచీ వేరే టైము. ఎవరికి కావలసినట్టు వాళ్లు ముళ్లు తిప్పుకుంటున్నారని తాత అనుమానం. అందుకని జేబులో చిన్న ట్రాన్సిస్టరు పెట్టుకుని, రేడియోలో చెప్పిన టైముకి బెల్లు కొట్టేవాడు. రేడియోని పూర్తిగా నమ్మాడని కాదు. అంతకంటే పైన ఎవరిని అడగాలో తెలియక సర్దుకున్నాడంతే.

రిటైరయ్యాక బెల్లు స్కూల్లో వదిలేసి అనుమానాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. పెరట్లో కొబ్బరి దింపు తీయిస్తే, చెట్టెక్కిన మనిషి మొవ్వులో కూర్చుని ఒక బొండం తాగేస్తాడేమోనని మెడ పట్టేసేదాకా పైకే చూస్తాడు. పాలు వస్తే గ్లాసులో పోసి ఎండకి ఎత్తి పట్టి చూస్తాడు. ఫోనులో ఎవరైనా "సాలమోను గారేనా అండీ?" అంటే, "ముందు మీరెవరో చెప్పండి, అప్పుడు నేను అవునో కాదో చెప్తాను" అంటాడు.

సుందరమ్మ నానమ్మ ఇదంతా చూసీ చూసీ అలవాటు పడిపోయింది. "మా పెళ్లినాడు పాదిరిగారు ఈవిణ్ణి భార్యగా స్వీకరిస్తావా అని అడిగితే, ముసుగెత్తి మొహం చూసేకే అవునన్నారు ఈయన" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది.

తాత కాదనడు. "చూసుకోవాలా వద్దా?" అంటాడు.

ఇంత లోకంలో తాత అనుమానించని వస్తువు ఒక్కటే ఉంది. అది ఆయన తాళాల జత. అరచేతిలో ఇమిడిపోయే కంచు తాళాలు, మధ్యలో నూలు తాడు. చర్చి క్వయర్లో ఆయన వాయించేది అవే. పాడటానికి గొంతు లేదు, తబలాకి వేళ్లు తిరగవు, హార్మోనియం ముట్టుకోనివ్వరు. తాళాలు మాత్రం ఎవరూ అడక్కుండానే ఆయనకి దక్కాయి. బెల్లు కొట్టిన చెయ్యి కదా, తాళం తప్పదు అని ఊరంతా అనేది. ఊరంటే మరీ ఊరంతా కాదు, ఎక్కువగా తాతే అనేవాడు.

ఇరవై ఏళ్ల కిందట ఆ క్వయరంతా వ్యాను కట్టించుకుని రాజమండ్రి వెళ్లి, స్టూడియోలో పాటలు పాడి ఒక సీడీ తెచ్చింది. అందులో కోత పండగ పాట అందరికీ ఇష్టం. రాసింది, బాణీ కట్టింది, హార్మోనియం వాయించింది సూర్యప్రకాశరావు మాష్టారు. ఆయన తాత పనిచేసిన స్కూల్లోనే సోషల్ చెప్పేవారు. సీడీ అట్ట మీద ఫొటోలో మాష్టారు ముందు వరసలో కూర్చున్నారు. తాత వెనక వరసలో నిలబడి, తాళాలు రెండూ గడ్డం దాకా ఎత్తి పట్టుకున్నాడు. ఫొటో తీసినవాడు తాళాలు రాకుండా కిందికి కోసేస్తాడేమోనని భయం.

మొన్న ఏప్రిల్లో చర్చి కట్టి డెబ్బై అయిదేళ్లయింది. పండగ కమిటీ వాళ్లు పాత క్వయర్లో మిగిలిన వాళ్లని ముందు బెంచీలో కూర్చోబెట్టి, ఆ కోత పండగ పాట వేసి, పాట అయ్యాక ఒక్కొక్కరికీ శాలువా కప్పాలనుకున్నారు. వారం ముందు మైకు సెట్టు దుర్గాశ్రీనివాస్ చర్చిలో బాక్సులు పెట్టి, పెన్‌డ్రైవులోంచి ఆ పాట వేసి చూశాడు. తాత రెండో బెంచీలో కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. ఆడవాళ్ల గొంతులు వచ్చాయి. హార్మోనియం వచ్చింది. తబలా వచ్చింది. తాత కళ్లు తెరిచాడు.

"దుర్గా, ఆపు. మొదట్నించీ పెట్టు."

"ఏమైందండీ తాతగారూ?"

"నా తాళాలేవి?"

"ఉన్నాయి కదండీ. అదిగో, చుస్ చుస్ మంటన్నాయి."

"అయి తాళాలా? చేటలో నూకలు చెరుగుతున్నట్టుంది."

దుర్గాశ్రీనివాస్ ఏవో మీటలు అటూ ఇటూ తిప్పాడు. నూకలు కాసేపు చిట్టు అయ్యాయి, కాసేపు తౌడు అయ్యాయి. తాళాలు మాత్రం కాలేదు. ముందు బెంచీలో కూర్చున్న సూర్యప్రకాశరావు మాష్టారు వెనక్కి తిరిగి, నవ్వుతూ తలూపి, "బాగుంది, బాగుంది. ఇదే కానియ్యి దుర్గా" అన్నారు.

ఆ ఒక్క ముక్కతో తాతకి అంతా అర్థమైపోయింది.

ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు. "తీయించేసేడు" అన్నాడు.

"ఎవరు, ఏవిటి?" అంది నానమ్మ.

"మాష్టారు, నా తాళాల్ని. పాటలోంచి తీయించేసేడు. రేపు పండగనాడు నేను ముందు బెంచీలో కూర్చుంటాను, పాట వస్తుంది, తాళాలు రావు. ఈ సాలమోను ఏం వాయించేడూ అని కుర్రాళ్లు అడుగుతారు. హార్మోనియం పెట్టె మోసేడు అంటారు. పెట్టె మోసినందుకు నాకు శాలువా!"

"ఆయనకేం పని అంత?"

"పగ. నలభై ఏళ్ల పగ. ఒకరోజు పొద్దున్న ఆయన గేటు దాకా వచ్చి ఆగమని చెయ్యెత్తేడు. రేడియోలో టైమైపోయింది. నేను ఆగలేదు, కొట్టేసేను. అందరి ముందూ ఆలస్యం పడిపోయింది. అప్పట్నించీ కనిపెట్టుకునున్నాడు. ప్రాక్టీసుల్లో అందర్నీ వదిలేసి నా ఒక్కడికే చెప్పేవాడు, మెల్లిగా సాలమోనూ, మెల్లిగా అని. మెల్లిగా మెల్లిగా అని ఇప్పుడు బొత్తిగా లేకుండా చేసేడు."

కోడలు శారోన్ అప్పుడే అమలాపురం నుంచి స్కూటీ మీద వచ్చింది. ఆవిడ అక్కడ ఒక స్కూల్లో కంప్యూటరు టీచరు. మావగారి మొహం చూసి, విషయం విని, దుర్గాశ్రీనివాస్‌కి ఫోను చేసి ఆ పాటని తన ల్యాప్‌టాప్‌లోకి తెప్పించుకుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని నవ్వింది.

"మీ తాళాల్ని ఎవరూ తీయించలేదు మావయ్యగారూ. ఎవరో ఎప్పుడో సీడీలోంచి ఈ పాటని బాగా చిన్న సైజులో ఎక్కించేరు. పెన్‌డ్రైవులో ఎక్కువ పాటలు పడతాయని అలా చేస్తారు. చిన్నది చేసేటప్పుడు, చెవికి అంత అక్కర్లేదనుకున్న చప్పుడు వదిలేస్తుంది. సన్నగా గణగణమనేవి ముందు పోతాయండి."

"అక్కర్లేదని ఎవరనుకున్నారు?"

"కంప్యూటరేనండి."

"దానికెవరు చెప్పేరు?"

"దాన్ని తయారుచేసినవాళ్లు."

"వాళ్లకెవరు చెప్పేరు? ఈ మాష్టారికి తెలిసినవాళ్లెవరూ లేరంటావా అందులో?"

శారోన్ ఊపిరి వదిలింది. "ఒక పని చేద్దామండి. అసలు సీడీ ఉంటే, దాన్లో ఉన్నది ఉన్నట్టు, పిసరు కూడా పోకుండా కంప్యూటర్లోకి దించుతాను. లాస్‌లెస్ అంటారు. సైజు పెద్దదే గానీ ఏదీ వదలదు. పండగనాడు అది పెట్టమందాం."

తాత లేచి నిలబడ్డాడు. "సీడీ మనింట్లోనే ఉంది. మన ప్లేయర్లోనే ఉంటది."

నానమ్మ చీర కొంగు సర్దుకుంది. "ఆ ప్లేయరు పనిచెయ్యట్లేదని స్టీలు సామాన్లవాడికి వేసేనుగా. బేసినిచ్చేడు."

"సీడీ తీసేకే వేసేవా?"

"అది లోపల ఇరుక్కుంది. తియ్యడానికి రాకే కదా పాడైందన్నాం!"

తాత వంటింట్లోకి తొంగి చూశాడు. స్టీలు బేసినులో బియ్యం నానుతున్నాయి. కాసేపు దాని వంకే చూశాడు, అందులోనూ ఎవరి హస్తమో ఉన్నట్టు. తర్వాత గుర్తొచ్చింది. అమ్ముడుపోని సీడీల కట్ట ఒకటి అటక మీద ఉండాలి. అటక ఎక్కి చూస్తే కట్ట లేదు. "ఇది కూడా మాష్టారి పనే. ఒక్కటి కూడా మిగలకుండా ఏరుకుపోయేడు" అన్నాడు పైనించే.

"దిగండి, దిగండి. అవి నేనే మా తమ్ముడికిచ్చేను. రొయ్యల చెరువు మీద కట్టుకుంటానన్నాడు, పక్షులు రాకుండా."

మర్నాడు శారోన్ స్కూటీ వెనక కూర్చుని తాత బావమరిది ఊరు ఉప్పలగుప్తం వెళ్లాడు. దారిపొడుగునా ఆవిడ భుజం మీంచి ముందుకి వంగి, "ఇటేనా? ఈ దారి కరెక్టేనా?" అని అడుగుతూనే ఉన్నాడు, ఆ ఊరికి ఆవిడ పుట్టకముందునుంచీ తనే వెళుతున్నా. బావమరిది చెరువు గట్టు మీద ఎదురొచ్చాడు. చెరువు మీద ఈ గట్టునించి ఆ గట్టుకి తాళ్లు లాగి ఉన్నాయి. వాటికి వేలాడుతూ, గాలికి గిర్రున తిరుగుతూ, ఎండకి తళతళమంటూ క్వయరు సీడీలు.

"మీ పాటలంటే కొంగలకి హడలు బావగారూ!" అన్నాడు బావమరిది. "ఒక్కటీ వాలట్లేదంటే నమ్మండి."

తాత నమ్మలేదు. ఒక సీడీ దింపించి చూశాడు. ఎండకీ వానకీ వెండిపూత పొట్టు లేచిపోయింది. కంటి దగ్గర పెట్టుకుంటే అవతలి గట్టు మీది కొబ్బరిచెట్లు కనిపించాయి. ఇంకోటి దింపించాడు. అందులోనూ కొబ్బరిచెట్లే. శారోన్ వరసగా అన్నీ చూసి, "వీటిల్లో ఇంకేం లేదు మావయ్యగారూ" అంది.

ఇంక మిగిలింది ఒకే ఒక్క చోటు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు తాత దారి గురించి ఒక్క మాట అడగలేదు.

సూర్యప్రకాశరావు మాష్టారి ఇల్లు చర్చి వెనక వీధిలోనే. శారోన్ ఒక్కర్తీ వెళ్లి అడిగొస్తానంది. తాత ఒప్పుకోలేదు. "నీకు వేరేది ఇచ్చి పంపుతాడు" అన్నాడు. ఇద్దరూ వెళ్లారు. సీడీ కావాలని మాష్టారికి శారోనే గట్టిగా, నిదానంగా చెప్పింది. ఆయన లోపలికెళ్లి, బీరువాలో పట్టుబట్టల మడతల్లోంచి సీడీ తీసుకొచ్చి, "తీసుకెళ్లండి, తీసుకెళ్లండి. ఎన్నాళ్లైనా ఉంచుకోండి. ఇది మనందరిదీను" అని తాత చేతిలో పెట్టారు. టీ తాగి వెళ్లమన్నారు. ఎందుకని కూడా అడగలేదు.

వీధి మలుపు తిరిగాక తాత ఆగాడు. "ఇంత తేలిగ్గా ఇచ్చేడంటే ఇందులో ఏదో ఉంది."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోయినా ఉంది. కానీ అది వేరే."

శారోన్ స్కూల్ ల్యాబులోంచి సీడీ డ్రైవు అడిగి తెచ్చింది. కొత్త ల్యాప్‌టాపుల్లో సీడీ పెట్టే చోటే ఉండదు. దాన్ని వైరుతో కలిపి, సీడీని మెత్తటి గుడ్డతో మధ్యనించి అంచులకి తుడిచి లోపల పెట్టింది. తాత కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. డ్రైవు బుర్రుమంది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది.

"లాగేస్తంది" అన్నాడు తాత. "మొత్తం లాగేసేక సీడీలో ఏం మిగులుతుంది? ఖాళీ సీడీ తిరిగిచ్చేనని మాష్టారు నన్నంటాడు."

"చదువుతుందంతేనండి. మీరు బైబిలు చదివితే అందులో అక్షరాలు పోతాయా?"

అంతలో ఆకుపచ్చ గీత ఆగిపోయింది. డ్రైవు లోపల కిర్రు కిర్రుమంది.

"ఏం చేస్తంది?"

"అక్కడ చిన్న గీత పడింది. చదువుతోంది."

"ఇందాకట్నించీ అక్కడే ఉంది కదా?"

"ఒకసారి చదివింది. సరిగ్గా చదివేనో లేదోనని మళ్లీ చదువుతోంది. రెండూ ఒక్కలా లేకపోతే ఇంకోసారి. ఒక్కలా వచ్చేదాకా కదలదండి, దానికి అనుమానం ఎక్కువ."

తాత కుర్చీని ఒక జానెడు ముందుకి లాక్కున్నాడు. ఇంట్లో ఎవరికీ లేని గుణం దీనికి ఉంది. గీత మళ్లీ కదిలేదాకా దానికి అడ్డం రాకుండా, కాలు కూడా ఆడించకుండా కూర్చున్నాడు. "చదువుకోనీ, చదువుకోనీ" అని మధ్యలో ఒకసారి మెచ్చుకున్నాడు కూడా. నానమ్మ భోజనానికి పిలిస్తే చేత్తో ఆగమని సైగ చేశాడు.

పాటలన్నీ దిగాక శారోన్ హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి పెట్టింది. కోత పండగ పాట మొదలైంది.

తాత మొహం చూసి తీరాలి. తాళాలు వచ్చాయి. చుస్ చుస్ కాదు. కంచు మీద కంచు, ఒక్కో దెబ్బా విడివిడిగా, కొట్టాక ఆ గణగణ గాల్లో సన్నగా సాగి, తర్వాతి దెబ్బకి దారి ఇచ్చి తప్పుకునేంత స్పష్టంగా. తాత చేతులు ఒళ్లోంచి లేచి గాలిలో వాయించడం మొదలుపెట్టాయి. పల్లవి అయింది. మొదటి చరణం, రెండో చరణం. నానమ్మ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మూడో చరణంలో తాత చేతులు ఆగిపోయాయి. హెడ్‌ఫోన్లు లాగేశాడు.

"ఇది నేను కాదు."

శారోన్ తీసుకుని విన్నది. మూడో చరణం సగంలో తాళాలు ఉన్నట్టుండి పరుగందుకున్నాయి. పాట ఒక చోట ఉంది, తాళాలు దానికన్నా ముందు గట్టెక్కి కూర్చున్నాయి. అక్కడే, హార్మోనియం మైకుకి దగ్గరగా ఎవరో గుసగుసగా అన్నారు: "మెల్లిగా సాలమోనూ."

"ఇది కంప్యూటరు కలిపింది" అన్నాడు తాత.

"అది ఏదీ కలపదు మావయ్యగారూ. చూసేరుగా, రెండేసిసార్లు చదివి సరిచూసుకుంది."

"రెండుసార్లూ ఒకే అబద్ధం చెప్పొచ్చుగా?"

"మరి మెల్లిగా సాలమోనూ అని కూడా కంప్యూటరే అన్నదా?" అంది నానమ్మ గుమ్మంలోంచి.

"అది మాష్టారు! రికార్డింగులో కూడా నన్ను వదల్లేదు! నేను బాగానే కొడుతుంటే, మధ్యలో అలా అని నన్ను కంగారు పెట్టుంటాడు. కంగారుకి చెయ్యి జారుంటుంది."

"జారేక అన్నారండి, ముందు కాదు" అంది శారోన్ మెల్లగా.

తాత ఆ సాయంత్రం సరిగ్గా తినలేదు. ఇన్నాళ్లూ తాళం తప్పని చెయ్యి అనుకున్నాడు. పెన్‌డ్రైవులో పాట వేస్తే తను లేడు. ఇందులో వేస్తే, ఉన్నాడు గానీ తప్పుతో ఉన్నాడు. పండగ రెండు రోజుల్లో పడింది. చివరికి కంప్యూటరుని అవతల పెట్టి, సీడీని సీడీలాగే వినాలనుకున్నాడు. ఊళ్లో ఇంకా పనిచేస్తున్న సీడీ ప్లేయరు ఒక్కటే ఉంది. అదీ మాష్టారింట్లోనే.

ఈసారి ఒక్కడే వెళ్లాడు. మాష్టారు ప్లేయరు మీద కప్పిన గుడ్డ తీసి, సీడీ పెట్టి, పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఒక అరచెయ్యి ప్లేయరు బాక్సు మీద ఆనించి పెట్టారు. తాత దాన్ని అనుమానంగా చూశాడు. మూడో చరణం వచ్చింది. తాళాలు పరిగెత్తాయి. గుసగుస వినబడింది. కంప్యూటరు అబద్ధం చెప్పలేదు.

అయితే హెడ్‌ఫోన్లు లాగేయడంతో అప్పుడు తాత విననిది ఒకటి ఆ తర్వాత ఉంది. ఆ గుసగుస వెంటనే హార్మోనియం అడుగు వేగం పెంచింది. తాళాల్ని వెనక్కి లాగకుండా తనే పరిగెత్తుకుంటూ వచ్చి పక్కన చేరింది. దాని వెనకే తబలా వచ్చింది. దాని వెనక ఆడవాళ్ల గొంతులు, కాస్త ఆయాసంతో. పాట అయ్యేసరికి అందరూ తాత నడకలోనే నడుస్తున్నారు. తెలియని వాళ్లు వింటే, పాట అక్కడ ఊపందుకునేలాగే కట్టారనుకుంటారు.

తాత మాష్టారి వైపు తిరిగి కోపంగానే అడిగాడు.

"అయితే ఆ పెన్‌డ్రైవుది బాగుందని అందుకేనా అన్నారు? నా తప్పు బయటపడకూడదనా? నా మీద జాలి పడ్డారా?"

"ఆఁ?" అన్నారు మాష్టారు.

తాత మళ్లీ గట్టిగా అడిగాడు.

"పెన్‌డ్రైవు సంగతి నాకేం తెలుసయ్యా!" అన్నారు మాష్టారు. "తాళాలు నాకెక్కడ వినపడతన్నాయి? సన్నటి చప్పుళ్లు నాకు పోయి నాలుగేళ్లైంది. మిగతావీ కలగాపులగంగా గుయ్యిమంటాయంతే. పొద్దున్నే పిట్టలు అరవటం మానేసేయనుకున్నాను. కాదుట, నాకే పోయిందిట. చెవిలో మిషను పెడితే ఈలేస్తుంది, తీసి పడేసేను. మొన్న చర్చిలో దుర్గా మొహం చూసి బాగుందన్నాను. కష్టపడుతున్నాడు పాపం."

తాత ఆయన అరచేతి వంక చూశాడు. అది ఇంకా బాక్సు మీదే ఉంది. మాష్టారు పాట విన్నది ఆ చేత్తో.

"మూడో చరణంలో నేను పరిగెట్టేనండి, మాష్టారూ."

"పరిగెడతావుగా. ప్రాక్టీసులో ఎప్పుడూ అక్కడే పరిగెట్టేవాడివి. పండగ పాట కదా, నీకు ఆగదు. స్టూడియో కుర్రాడు ఆపేసి మళ్లీ తీద్దామన్నాడు, నేనే వద్దన్నాను. మళ్లీ తీసినా మళ్లీ పరిగెడతావు. మెల్లిగా అనడం నాకు అలవాటు, నీ వెనకాల రావడం కూడా అలవాటే."

"మరి గేటు దగ్గర చెయ్యెత్తిననాడు బెల్లు కొట్టేసేనని కోపం లేదా మీకు?"

"ఏ గేటు?" అన్నారు మాష్టారు.

తాత ఆయన కళ్లలోకి తేరిపార చూశాడు. అబద్ధమాడుతున్నాడేమోనని చాలాసేపు వెతికాడు. దొరకలేదు. నలభై ఏళ్ల పగ ఇంత కష్టపడి ఒక్కడే మోశాడా అని కొంచెం చిరాకు కూడా వేసింది.

ఆదివారం పొద్దున్న, జనం రాకముందే దుర్గాశ్రీనివాస్ తాతని చర్చి పక్కకి పిలిచాడు. శారోన్ ఇచ్చిన పెద్ద ఫైలు తన ల్యాప్‌టాపులో ఉంది. పాత పెన్‌డ్రైవు జేబులో ఉంది. రెండూ విన్నాడతను.

"ఏది పెట్టమంటారు తాతగారూ? కొత్తది బ్రహ్మాండంగా ఉందండి. కాకపోతే మూడో చరణంలో..." అని ఆగాడు. "పాతదైతే ఎవరికీ తెలీదండి. మీ ఇష్టం. నేనెవరికీ చెప్పను."

ఎవరికీ చెప్పననే మనిషిని తాత జన్మలో నమ్మలేదు. కుర్రాడి మొహం ఒక చివరినించి ఇంకో చివరిదాకా పరీక్షగా చూశాడు. తర్వాత, "ఉన్నది ఉన్నట్టు పెట్టు" అన్నాడు.

చర్చి నిండిపోయింది. ముందు బెంచీలో తాత, మాష్టారు పక్కపక్కన కూర్చున్నారు. పాట మొదలవగానే తాళాలు బాక్సుల్లోంచి చర్చంతా పరుచుకున్నాయి. తాత వెనక్కి తిరిగి జనం మొహాలు చూడటం మొదలుపెట్టాడు. ఎవరు నవ్వుతారో, ఎవరు ఎవరి చెవిలో ఏమంటారో. మాష్టారు కళ్లు మూసుకుని, ఊరికే మోకాలు తడుముకుంటున్నారు. అక్కడ ఆనించడానికి బాక్సు లేదు. పాట ఎంతదాకా వచ్చిందో ఆయనకి తెలియడం లేదు. తాత అది చూశాడు. జనాన్ని వదిలేసి, మాష్టారి చెయ్యి తీసుకుని, అరచేతిలో తన వేళ్లతో తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. మాష్టారి రెండో చెయ్యి మోకాలి మీద హార్మోనియం మెట్లు వెతుక్కుని వాయించసాగింది. మూడో చరణం వచ్చింది. తాత వేళ్లు పరిగెత్తాయి. మాష్టారి వేళ్లు రెండు దెబ్బలు వెనకబడి, అందుకున్నాయి.

పాట అయింది. చప్పట్లు కొట్టారు. శాలువాలు కప్పారు. తాత తన శాలువా అంచు పట్టుకుని, ఇది పట్టేనా కాదా అని నలిపి చూశాడు.

"జనానికి వినపడ్డాయా నీ తాళాలు?" అని అడిగారు మాష్టారు, చర్చంతా వినపడేలా.

"కనుక్కోవాలండి" అన్నాడు తాత.

ఆరాధన ముగిసిందో లేదో, శాలువాతో సహా వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బయటికి వెళ్లే ప్రతివాళ్లనీ ఆపాడు. "తాళాలు వినపడ్డాయా?" ఆయ్, వినపడ్డాయండి, అన్నారు అందరూ. "ఎక్కడ?" అని అడిగాడు. పాటంతా ఉన్నాయండి, అన్నారు. బాగున్నాయండి, అన్నారు. గణగణమన్నాయండి, అన్నారు. ఒకాయన కళ్లు తుడుచుకుని మరీ చెప్పాడు. తాతకి ఒక్కరి మీదా నమ్మకం కుదరలేదు. శాలువా కప్పిన మనిషిని మొహం మీద కాదంటారా? మర్యాదకి అంటున్నారు. పాదిరిగారిని కూడా ఆపి అడిగాడు. ఆయన ఆశీర్వదించారు గానీ ఎక్కడో చెప్పలేదు.

అందరూ వెళ్లాక సుందరమ్మ నానమ్మ చెప్పులు వెతుక్కుంటూ చివరగా వచ్చింది.

"ఏమే, నీకు వినపడ్డాయా?"

"వినపడకేం. మూడో చరణంలో పరిగెట్టేరుగా."

తాత గుమ్మానికి అడ్డం తప్పుకుని, ఆవిడకి దారి ఇచ్చాడు.